పండుగ నాడే కనబడే మనుషులమా?

నిరుడు చలికాలంలో మా గూడేనికి ఇద్దరు మనుషులు పెద్ద కెమెరాలు వేసుకొని వచ్చారు. ఆదివాసీ జీవితం మీద ఫొటోలు కావాలన్నారు. ఊళ్లో అందరికంటే పెద్దదైన అవ్వ ఇంటికి తీసుకుపోయాం. అవ్వ వాకిట్లో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చొని ఎండ కాగుతోంది. ఒంటి మీద మనవడి స్వెట్టరు. పక్కన నులక మంచం మీద సెల్లు చార్జింగులో ఉంది. ఇంటి కప్పు మీద డిష్ గొడుగు.

వాళ్లు ముందుగా కుర్చీ తీసేయమన్నారు. తరువాత స్వెట్టరు విప్పమన్నారు. సెల్లు లోపల పెట్టించారు. డిష్ గొడుగు రాకుండా తాము పక్కకు జరిగారు. ఆరేండ్లుగా మూలకు పడి ఉన్న ఇసుర్రాయిని బయటికి తెప్పించి, దాని ముందు అవ్వను కూర్చోబెట్టి తిప్పమన్నారు. గింజలు లేవు. అవ్వ ఉత్త రాయిని తిప్పింది. వాళ్లు చాలా బాగుందన్నారు, దండం పెట్టి వెళ్లిపోయారు.

వాళ్ల బండి మలుపు తిరిగాక అవ్వ మమ్మల్ని ఒక మాట అడిగింది: "వాళ్లు నా ఫొటో తీసిండ్రా, ఇసుర్రాయి ఫొటో తీసిండ్రా? నా కుర్చీ ఏం తప్పు చేసింది?"

ఈ వ్యాసం ఆ కుర్చీ తరఫున రాస్తున్నాం.

మాది కాసిపేట. ఈ పేరు చెప్పగానే బయటివాళ్లు కాజీపేట జంక్షను అనుకుంటారు. కాదు. మాది బెల్లంపల్లికీ మందమర్రికీ దగ్గర, బొగ్గు బాయిలకూ అడవికీ నడుమ ఉన్న మండలం. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల. ఇక్కడ గోండులున్నారు, కోలాములున్నారు, నాయకపోడులున్నారు. ఒకే ఇంట్లో అన్న బాయి పనికి పోతాడు, తమ్ముడు పత్తి చేనుకు పోతాడు, చెల్లె బెల్లంపల్లిలో చదువుకుంటుంది, అమ్మ ఎండకాలం తునికాకుకు పోతుంది. మన బతుకు ఇది. ఈ బతుకు ఫొటో మీరెక్కడైనా చూశారా?

చూసి ఉండరు. మనం ఫొటోల్లో కనబడేది ఏడాదికి పది పదిహేను రోజులు. దీపావళి ముందు దండారికి గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకున్నప్పుడు ఒకసారి. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ఒకసారి. ఆగస్టు 9న ర్యాలీ తీసినప్పుడు ఒకసారి. ఇవి కాక ఎవరైనా పెద్దసారు వచ్చి దుప్పట్లు పంచితే ఇంకొకసారి. మిగిలిన 350 రోజులు మనం ఎక్కడికి పోతున్నాం? ఆ రోజుల్లో మన ముఖాలకు వెలుగు తగలదా?

మేము పండుగకు వ్యతిరేకం కాదు. మార్లవాయి కనకరాజు గుస్సాడీ ఆటను ఢిల్లీ దాకా తీసుకుపోయారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వస్తే మన గూడేలన్నీ తమకే వచ్చినట్టు సంతోషపడ్డాయి. గుస్సాడీ ఫొటో తీయాల్సిందే, గొప్పగా తీయాల్సిందే. కానీ ఆ టోపీ తీసి గోడకు తగిలించిన మర్నాడు ఆ మనిషి పత్తి ఏరడానికి పోతాడు కదా. ఆ పత్తి చేనులో నడుము పట్టుకొని నిలబడ్డ మనిషి ఫొటో ఎందుకు లేదని మా ప్రశ్న. పండుగ నాటి మనిషే గొప్ప, మర్నాటి మనిషి చూడటానికి పనికిరాడు అని ఎవరు తీర్మానించారు?

ఆ తీర్మానం ఇవాళ్టిది కాదు. 1857 తిరుగుబాటు అణచివేశాక ఇంగ్లీషు పాలకులు ఈ దేశపు కులాలనూ తెగలనూ ఫొటోలు తీయించి, 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే పేరుతో 8 సంపుటాలు అచ్చు వేశారు. అందులో 400కు పైగా ఫొటోలున్నాయి. ఫలానా తెగవాడు ఇట్లా ఉంటాడు, ఫలానా కులంవాడు అట్లా ఉంటాడు అని చూపించే పుస్తకమది. సంతలో పశువుల పళ్లు చూసి వయసు కట్టినట్టు మనుషుల ముఖాలు చూసి గుణం కట్టే పని. అట్లాంటి ఫొటోకు మనిషి పేరు అక్కరలేదు, తెగ పేరు చాలు. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయి ఇంతకాలమైనా ఇప్పటికీ మన ఫొటో కింద "ఓ గిరిజన మహిళ" అని రాస్తున్నారు. అదే ఫొటోలో పక్కన నిలబడ్డ అధికారికి మాత్రం పేరుంటుంది, హోదా ఉంటుంది, ఇంటి పేరు పొడి అక్షరాలతో సహా ఉంటుంది.

మన జిల్లా సంగతికి వద్దాం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆ కాలంలోనే ఆస్ట్రియా దేశస్తుడైన హైమన్‌డార్ఫ్ మన దగ్గరికి వచ్చాడు. మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు, మన భాష నేర్చుకున్నాడు, మన పిల్లలకు చదువు చెప్పే గోండు పంతుళ్లను తయారు చేసే బడి పెట్టించాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన మంచివాడా కాదా అన్నది ఇక్కడ మాట కాదు. ఆయన కెమెరా గురించి మాట్లాడుతున్నాం. ఆయన తీసిన ఫొటోలు ఇవాళ లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే లండన్ వైపు చూడాలి.

అట్లాంటి పాత ఫొటోలు మన చేతికి దొరికినప్పుడు మన ముసలివాళ్లు ఏం చూస్తారో ఎప్పుడైనా గమనించారా? మేము గమనించాం. ఆట ఫొటో ఉంటే ఒక్కసారి చూసి పక్కన పెడతారు. ఆట వాళ్లకు తెలుసు, ఇప్పటికీ ఆడుతున్నారు. వేలు పెట్టి చూపించేది వేరే వాటిని. ఈ గోడ తడక ఇట్లా అల్లేవాళ్లం. ఈ బండి చక్రం చూడు, ఇట్లాంటివి ఇప్పుడు లేవు. ఈ గుమ్మికి మూత ఏది? అప్పట్లో ఎవరూ ముఖ్యమనుకోని వస్తువుల దగ్గరే వాళ్ల కళ్లు ఆగుతాయి. ఎనభై ఏండ్ల కింద మామూలు అనిపించిందే ఇవాళ బంగారమైంది. మరి ఇవాళ మనకు మామూలు అనిపిస్తున్నది ఎనభై ఏండ్ల తరువాత మన మునిమనవలకు ఏమవుతుంది? దాన్ని ఎవరు తీసి పెడుతున్నారు?

ఇప్పుడు అసలు మాట చెబుతాం. మన మామూలు రోజును చూడదగింది కాదని అనుకునే కన్నూ, మన నేలను ఖాళీ నేల అనుకునే కన్నూ ఒకటే.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. సింగరేణి చరిత్ర ఎవరు చెప్పినా అక్కడి నుంచి మొదలవుతుంది. ఆయన రాయిని చూశాడు, రాయిలో బొగ్గును చూశాడు. చూడటం నేర్చుకున్నవాడు గనుక చూశాడు. ఆ రాళ్ల మీద నడిచిన మనుషులను అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఎవరూ లేరు. తరువాత వచ్చిన పటాల్లోనూ బొగ్గు పొరలున్నాయి, అడవి కంపార్టుమెంటు నంబర్లున్నాయి. వాగుకు పోయే కాలిబాట లేదు. పంచాయితీ కూర్చునే చింతచెట్టు లేదు. జొన్నచేను మంచె లేదు. పటంలో లేనిదాన్ని తీసేసేటప్పుడు ఎవరికీ చెయ్యి వణకదు.

మన బొగ్గు బెల్టులో ఈ సంగతి విడమరిచి చెప్పక్కరలేదు. ఓపెన్‌కాస్టు వచ్చిన చోట చేను పోయి గుంత అవుతుంది, గుంతలో తీసిన మట్టి పక్కన గుట్ట అవుతుంది. కొన్నేండ్లకు ఆ మట్టిగుట్ట మీద చెట్లు కూడా పెరుగుతాయి. అప్పుడు పుట్టిన పిల్లలు దాన్ని దేవుడిచ్చిన గుట్టే అనుకుంటారు. అక్కడొక ఊరుండేదని, ఆ ఊళ్లో ఒక బావి, బావి గట్టు మీద తాడు ఒరిసి పడ్డ గాట్లు ఉండేవని వాళ్లకు ఏం చూపించి చెబుతారు?

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాల్లో 13వ నియమం ఏయే వాటిని సాక్ష్యంగా తీసుకోవచ్చో చెబుతుంది. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, ఒడ్డు, కట్ట, పాత బావి, శ్మశానం, దేవుని చోటు, పెద్దమనుషుల మాట ఇవన్నీ అందులో ఉన్నాయి. చూడండి, చట్టం కూడా మన నెమలి ఈకలు అడగలేదు. మన ఒడ్డును అడిగింది, మన బావిని అడిగింది. మనం రోజూ దాటిపోయే వస్తువులే మన హక్కుకు గుర్తులు. ఫొటో ఒక్కటే పట్టా తెచ్చిపెడుతుందని మేము చెప్పడం లేదు. పనికొస్తుందని మాత్రమే ఫొటో తీయమనడమూ లేదు. ప్రేమతో చూడని వస్తువును మనిషి గట్టిగా పట్టుకోడు. ముందు మన వాకిలి మన కంటికి అందంగా కనబడాలి. దాన్ని నిలబెట్టుకోవడం ఆ తరువాతి సంగతి.

"మన వాకిట్లో అందమేముంది?" అంటారు మన పిల్లలే. వాళ్ల ఫోన్లు తీసుకొని చూశాం. ఊటీ గుట్టలున్నాయి, ఎవరి బుల్లెట్టు బండో ఉంది, దాని మీద మనవాడు కూర్చున్నాడు. ముఖం తెల్లగా ఉంది. ఎందుకంటే ఫోనులో బ్యూటీ మోడు పెట్టి ఉంది. ఆ మోడు ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా, తమ్ముళ్లూ? మన నలుపును చూసి దాన్ని తప్పుగా లెక్కపెట్టి దిద్దుతుంది. అవ్వ ముఖం మీది ముడతను మచ్చ అనుకొని తుడిచేస్తుంది. అవ్వ కుర్చీ తీసేయమన్నవాళ్ల మీద మనకు కోపం వచ్చింది. అవ్వ ముడతలు తీసేసే ఫోనును మనమే జేబులో పెట్టుకొని తిరుగుతున్నాం. వాళ్లు మనల్ని పాతకాలం మనుషుల్లా చూపిస్తున్నారు, మనం మనల్ని మనం కాని మనుషుల్లా చూపించుకుంటున్నాం. రెండింటిలోనూ ఇవాళ్టి కాసిపేట మనిషి లేడు.

అందం ఎక్కడుందో చెబుతాం. పొద్దున ఏడింటికి లేచి మట్టిగోడ పక్కన నిలబడండి. ఎండ ఏటవాలుగా పడే వేళ అది. నిన్న అమ్మ చేత్తో అలికిన గోడ మీద ఆమె వేళ్ల గీతలు ఒక్కొక్కటి లేచి కనబడతాయి. విల్లులాగా వంగి, మళ్లీ మళ్లీ అదే కొలతతో పోతాయి. మధ్యాహ్నం పన్నెండింటికి అదే గోడ చదును పలక. గోడ మారలేదు, వెలుగు మారింది. ఫొటో కళలో సగం పాఠం ఇదే. దీనికి పెద్ద కెమెరా వద్దు, ఊటీ వద్దు. పొద్దున లేవడం చాలు, అది మనకు చేతనైన పనే.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్ప చెట్టు కిందికి పోండి. చీకటి విడవకముందే అమ్మలు వచ్చి ఉంటారు. ఊడ్చిన నేల మీద పువ్వు పసుపు పచ్చగా పరుచుకొని ఉంటుంది, ఆ మధ్యన వంగిన వీపులు. తునికాకు కల్లం చూడండి. 50 ఆకుల కట్టలు వరుసలు వరుసలుగా, ఎవరో గీత గీసి పెట్టినట్టు ఎండుతుంటాయి. కోలాం ఇంటి ముందు సగం అల్లిన గుల్ల చూడండి. ఇంకా ముడవని వెదురు పుల్లలు నాలుగు దిక్కులా సూర్యుడి కిరణాల్లా లేచి ఉంటాయి. అల్లడం పూర్తయితే ఆ రూపం పోతుంది. ఆ సగం పనిని చూసే అదృష్టం పక్కింటివాడికే ఉంటుంది, పట్నం నుంచి వచ్చినవాడికి ఉండదు.

బాయి పని చేసేవాళ్ల ఇండ్లల్లో ఇంకొక లోకం ఉంది. షిఫ్టు దిగి వచ్చి రెండుసార్లు సబ్బు పెట్టి స్నానం చేసినా కంటి రెప్పల అంచున కాటుకలా నిలిచిపోయే బొగ్గు. మేకుకు తగిలించిన హెల్మెట్టు కింద గోడ మీద పడ్డ నల్లటి గుండ్రని మరక. రాత్రి షిఫ్టుకు పోయే నాయిన టిఫిను డబ్బాకు అమ్మ గుడ్డ కట్టే చేతులు. ఇవి ఏ క్యాలెండరులోనైనా వచ్చాయా? ఆదివాసీ అంటే అడవే, బొగ్గు కార్మికుడంటే కాలనీయే అని రెండు గదులు కట్టి పెట్టారు. రెండు గదుల్లోనూ కాలు పెట్టి బతికే మనం ఏ గదిలోనూ కనబడం. మన బొమ్మ మనమే తీయాలనడానికి ఇంతకంటే పెద్ద కారణం ఏం కావాలి?

ఇట్లాంటి పని ఇంతకుముందు ఎవరూ చేయలేదని కాదు. దక్షిణ అమెరికాలో పెరూ అనే కొండల దేశం ఉంది. అక్కడ మనలాగే ఆ నేలకు మొదటివాళ్లైన కెచువా జనం ఉన్నారు. వాళ్లలో పేద ఇంట్లో 1891లో మార్టిన్ చాంబి పుట్టాడు. చిన్నతనంలోనే బంగారు గనుల దగ్గర పనికి పోయాడు. గని కంపెనీ కోసం ఫొటోలు తీసే పరదేశీ దగ్గర మొట్టమొదటిసారి కెమెరా చూశాడు. కంపెనీ కోసం గనిని చూసే కెమెరా అది. దాని పని నేర్చుకొని, పట్నంలో ఒక స్టూడియోలో శిష్యరికం చేసి, తరువాత కుస్కో నగరంలో తన సొంత స్టూడియో పెట్టుకున్నాడు. ధనవంతుల పెండ్లిళ్లు తీసి పొట్ట పోసుకున్నాడు. అదే కెమెరాతో తన జనాన్ని, వాళ్ల పొలాలను, సంతలను, గుడిసెలను తీశాడు. ఆయన 1973లో చనిపోయాడు. 1979లో న్యూయార్క్‌లోని పెద్ద కళా మ్యూజియంలో ఆయన ఫొటోలు ప్రదర్శించారు. గని దగ్గర పుట్టిన ఆశ అంత దూరం పోయింది. కాసిపేట పిల్లలకు ఈ కథ వేరే దేశపు కథలా అనిపిస్తుందా?

ఇంకొకటి. 1937లో బిల్ బ్రాంట్ అనే ఫొటోగ్రాఫరు ఇంగ్లండు ఉత్తరాన ఒక బొగ్గు కార్మికుడి ఇంటికి పోయాడు. కార్మికుడు ఒళ్లు కడుక్కోకుండానే రాత్రి అన్నానికి కూర్చున్నాడు. ముఖం నల్లగా ఉంది, పక్కన భార్య ఉంది. ఉన్నది అంతే. ఒక పళ్లెం, ఇద్దరు మనుషులు, అలసట. ఆ ఫొటో ఇవాళ ప్రపంచమంతా తెలిసిన ఫొటో. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని ఇండ్లల్లో ఆ పళ్లెం ప్రతి రాత్రీ పెట్టారు, పెడుతూనే ఉన్నారు. మనకు పళ్లెం కొరత లేదు, చూసే కన్ను కొరత.

మన తెలంగాణలోనే భరత్ భూషణ్ ఉన్నారు. 2022 జనవరి చివర కన్నుమూసేదాకా ఆయన మన పల్లె మనుషులను, ఇండ్లను, తలుపులను, బతుకమ్మలను తీస్తూనే ఉన్నారు. తెలంగాణ అంటే కరువూ వలసా తప్ప ఏముందని అన్న రోజుల్లో ఒక పాత తలుపు ముందు ఆగి, ఇదిగో ఇది ఉంది అని చూపించారు. అయితే మన గూడేలను మన లోపలి నుంచి చూసి తీసే భరత్ భూషణ్ మనలో నుంచే రావాలి. ఆ పని ఆయన చేసి పెట్టలేదని ఎవరినీ అనే హక్కు మనకు లేదు.

మా మాటకు అడ్డం వచ్చేవాళ్లుంటారు. వాళ్లకూ జవాబు చెబుతాం.

"చిరిగిన గోడలూ మసి గిన్నెలూ చూపించి మన పరువు మనమే తీసుకోవాలా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. పరువు పోయేది గిన్నెకు మసి ఉంటే కాదు, ఆ గిన్నెను చూసి జాలిపడమని చేయి చాపితే. జాలి కోసం తీసిన ఫొటోకూ గౌరవంతో తీసిన ఫొటోకూ తేడా చూడగానే తెలుస్తుంది. జాలి ఫొటోలో మనిషి కిందికి కనబడతాడు, ఎందుకంటే తీసేవాడు నిలబడి ఉంటాడు. అవ్వ కూర్చుంటే మీరూ కూర్చోండి. ఆమె కండ్ల ఎత్తున ఫోను పెట్టండి. సగం పరువు అక్కడే నిలబడుతుంది.

"ముందు ఉద్యోగాలు, తరువాత కళలు" అని ఇంకొందరంటారు. ఉద్యోగాలు కావాల్సిందే, మేము అడుగుతూనే ఉన్నాం. కానీ కడుపు నిండాకే కళ అయితే మన దండారి పుట్టేదే కాదు. కరువు ఏడాది కూడా మన అమ్మలు గోడ అలికి వేళ్లతో గీత గీశారు. కడుపు నిండినవాళ్లకే కంటికి ఆకలి ఉంటుందన్నది మన మాట కాదు, మన మీద రుద్దిన మాట.

"మా దగ్గర మంచి కెమెరా ఏది?" అనేవాళ్లకు చెప్పేది ఒకటే. అవ్వ దగ్గరికి వచ్చినవాళ్ల చేతిలో మంచి కెమెరానే ఉంది. కుర్చీ కనబడలేదు.

సార్లకూ టీచరమ్మలకూ ఒక మాట. ఆగస్టు 9 రాగానే మన పిల్లలకే అట్ట ముక్కతో నెమలి టోపీ చేసి పెట్టి, ముఖానికి రంగు పూసి, వరుసలో నిలబెట్టి ఫొటో తీస్తున్నారు. గోండు పిల్లవాడికి గోండు వేషం వేయడమేమిటి? వాడు ఆ ఉదయం వేషం లేకుండా వచ్చినప్పుడు ఎవరు? మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాం. మీలో చాలామంది మన గూడేల నుంచే పోయి పంతుళ్లయ్యారు. ఆ రోజు బడి గోడ మీద పిల్లలు తీసిన ఫొటోలు అంటించండి. తరగతికి ఒక ఫోను చాలు. మా ఇంట్లో రోజూ వాడే ఒక వస్తువు, మా ఇంట్లో పని చేసే ఒక చెయ్యి అని రెండే విషయాలు ఇవ్వండి. ఫొటో కింద ఆ వస్తువు పేరు గోండీలో ఒకసారి, కోలామీలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయించండి. మూడో తరగతి పిల్లకు తెలిసిన మాట మీకు తెలియకపోతే ఆ పిల్లను అడిగి నేర్చుకోండి. ఆ రోజు ఆ పిల్ల ఇంటికి ఎట్లా నడిచిపోతుందో చూడండి, దాన్నీ ఫొటో తీయండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు చెప్పేవి కొన్ని ఉన్నాయి.

ఒక్క వస్తువునే పట్టుకోండి. మీ ఇంటి గడప కావచ్చు, బోరింగు కావచ్చు, షిఫ్టు బస్సు ఆగే చోటు కావచ్చు. నెల రోజులు, రోజుకొక్క ఫొటో తీయండి. మొదటి వారం విసుగు పుడుతుంది. రెండో వారం ఇక తీసేదేమీ లేదనిపిస్తుంది. అక్కడ ఆగకండి. అప్పటిదాకా తెలిసినదాన్నే తీశారు, ఆ తరువాతే చూడటం మొదలవుతుంది. బోరింగు పిడి ఎక్కడ అరిగిందో, ఏ వేళకు ఎవరు వస్తారో, బిందె కింద పెట్టిన రాయి ఎవరు తెచ్చారో అప్పుడు కనబడుతుంది.

జూమ్ చేయకండి, దగ్గరికి పోండి. దగ్గరికి పోవాలంటే అడగాలి. అడిగి తీయండి. వద్దంటే ఫోను జేబులో పెట్టండి. మన పేన్ల దగ్గర, చావు దగ్గర పెద్దల మాట దాటకండి. కొన్నిటిని చూపించకపోవడం కూడా మన మర్యాదే. దాన్ని మనమే పాటించకపోతే బయటివాళ్లను ఏమని ఆపుతాం?

పేరు రాయండి. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, ఏం చేస్తున్నారు. పేరు లేని ఫొటో వందేండ్ల తరువాత మళ్లీ "ఓ గిరిజన మహిళ" అవుతుంది. ఫోను పగిలితే అన్నీ పోతాయి గనుక ఒక మెమరీ కార్డులోనో పెన్‌డ్రైవులోనో దాచండి. మంచి వాటిని ప్రింటు వేయించి ఆ ఇంటివాళ్లకు ఇవ్వండి. ఫొటో తీసుకొని పోవడం వాళ్లందరూ చేశారు. ఇచ్చి రావడం మనం చేద్దాం.

పత్రికలవాళ్లనూ ఆఫీసులవాళ్లనూ ఒక్కటే అడుగుతున్నాం. మా ఫొటో వేస్తే మా పేరు వేయండి. పేరు తెలియకపోతే అడగండి, చెబుతాం. అడిగే తీరిక లేకపోతే ఫొటో తీసే తీరిక మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది?

కొమురం భీమ్ జల్, జంగల్, జమీన్ అన్నాడు. నీళ్లు, అడవి, భూమి. ఆ మూడింటినీ మనం చూడని రోజు లేదు. చూసి దాటిపోతున్నాం, అంతే. మన కన్ను దాటిపోయిన చోట ఇంకొకడి కన్ను ఆగుతుంది. వాడికి నీళ్లలో ప్రాజెక్టు కనబడుతుంది, అడవిలో కలప కనబడుతుంది, భూమిలో బొగ్గు కనబడుతుంది. మనకేం కనబడుతుందో మనం చెప్పకపోతే వాడికి కనబడిందే నిజమైపోతుంది.

అవ్వ సంగతి చెప్పి ముగిస్తాం. ఆ ఇద్దరు వెళ్లిన వారం తరువాత మాలో ఒకడు తన ఫోను పట్టుకొని ఆమె దగ్గరికి పోయాడు. "అవ్వా, నీకు ఇష్టమున్నట్టు కూర్చో" అన్నాడు. అవ్వ లోపలికి పోయి స్వెట్టరు వేసుకొని వచ్చింది. కుర్చీకి ఒక కాలు పగిలితే మనవడు తీగతో కట్టాడు. ఆ తీగ కనబడేట్టు కుర్చీని తనే తిప్పుకొని కూర్చుంది. సెల్లు ఒళ్లో పెట్టుకుంది. వెనక డిష్ గొడుగు, దాని మీద పిట్ట. బెల్లంపల్లిలో ప్రింటు వేయించి తెచ్చి ఇస్తే చాలాసేపు చూసింది. ఎట్లుందని అడిగాం.

"ఇది నేనే" అన్నది.

అట్లాంటి ఫొటోలు ప్రతి గూడెం నుంచీ రావాలి. మన పిల్లలే తీయాలి. రేపు పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళకు మీ వాకిట్లోకి రండి.